తోడు

మైనంలో పాతిన ముక్కను
మూడు మైక్రాన్ల మందాన కోశాను.
ఉల్లిపొర దాని ముందు దుప్పటి.
ఈసారి వేరే రంగు వేశాను, సూక్ష్మజీవులకే అంటుకునేది.
కటకం కింద ఎప్పుడూ చూసే ఊరే,
అవే ఇరుకు సందులు.
కానీ కణాల కడుపుల్లో
రవ్వంత కడ్డీలు,
కాపురం పెట్టి చాలాకాలమైనట్టు.

ముప్పై ఏళ్లు మరకలనుకున్నాను వీటిని.
గాజు మురికన్నాను, నా చేతి మురికన్నాను,
రిజిస్టరులో ఒక్క మాటా రాయలేదు.

ముక్క పీలేరు రెడ్డెమ్మది.
పాలకేంద్రంలో ఇరవై ఏళ్లు లీటర్లు కొలిచిన చెయ్యి.
క్లోమంలో గడ్డ.
మూడు దఫాలు మందెక్కినా
చెక్కు చెదరలేదది.

డాక్టరు గొంతు తగ్గించి చెప్పాడు:
"మనం ఎక్కించే మందును
లోపలే విరిచేస్తున్నాయేమో అవి.
ఈసారి వాటికీ ఒక మందు కలిపి చూద్దాం.
ఖాయమని మాత్రం అనలేనమ్మా."

రెడ్డెమ్మ నవ్వింది.
"అంటే ఎవురో తోడేసినారు సామీ!
చిటికెడు పడితే చాలు గదా,
తెల్లారేతలికి గడ్డ పెరుగు.
నాకు తెలీని పనా ఇది?
మంచి తోడైతే కమ్మగా పేరుకుంటాది,
చెడ్డదైతే తీగలు సాగుతాది.
పాలదేం తప్పుంది?"

డాక్టరు పెన్ను మూత పెట్టి, తీసి,
మళ్లీ పెట్టాడు.

బస్టాండులో ఎవరో అడిగారంట,
"దర్శనం బాగా అయిందా అమ్మా?" అని.
తిరుపతిలో గుండును ఎవరూ జబ్బనుకోరు.
"బాగా అయింది నాయనా" అందంట.
"అబద్దం కాదులే,
పేగుల దాకా చూసినారు గదా మీరు నన్ను,
అదీ దర్శనమే" అని నాతో అంది,
కొంగు తల మీదికి లాక్కోకుండానే.

ఆ సాయంత్రం
స్టోరురూములో పాత పెట్టెలు దించాను.
చీమలు పట్టిన అట్టల్లో
మైనపు బిళ్లలు, వెలిసిన నంబర్లు.
మందు పని చెయ్యలేదని
మేము కాగితం మడిచి ఇచ్చేసిన మనుషులు.
ఏ బిళ్లలో ఎవరు కాపురముండి
ఏ మందు తిన్నారో!
అన్నీ కొయ్యాలంటే నా సర్వీసు చాలదు.
మొదటి పెట్టె మాత్రం బల్ల మీద పెట్టుకున్నాను.

స్కాను వచ్చే నెల.
రెడ్డెమ్మ రెండు రోజులకోసారి ఫోను చేస్తుంది,
"ఏం సామీ, నా తోడుగాళ్లు పొయినారా?"

తెలీదమ్మా అంటాను.
"సరేలే, పాలు పొంగుతుండాయి" అని పెట్టేస్తుంది.