తరుగు

మే నెల ఎండలో విజయవాడ ట్రైనింగు.
రెండో రోజు మధ్యాహ్నం, పెరుగన్నం మత్తులో,
మూడు గడులు చూపించారు:
చూసి నేర్చేవాళ్ళు, విని నేర్చేవాళ్ళు, చేసి నేర్చేవాళ్ళు.
బుద్ధిగా రాసుకున్నాను.
ఇరవై రెండేళ్ళ సర్వీసులో
ఇంత సులువు సంగతి నాకెవరూ చెప్పలేదే అని
కాస్త రోషం కూడా వచ్చింది.

గుంటూరొచ్చి, బడి తెరిచిన రోజే
స్కేలు పెట్టి గీతలు కొట్టాను.
ఏడో తరగతి, బి సెక్షన్, నలభై ఒక్క మంది.
శాంసన్ బొమ్మలేస్తాడు, మొదటి గడి.
హైమావతి పద్యం ఒక్కసారి వింటే అప్పజెబుతుంది, రెండు.
బాజీ బెంచీ మీద నిలవడు, మూడు.
మస్తాన్‌బీ దగ్గర పెన్ను ఆగింది.
చూపు కిటికీలో, చెవి ఇంకెక్కడో, చేతులు ఒళ్ళో.
పెన్సిల్‌తో చుక్క పెట్టి వదిలేశాను.

గోడకి పెద్ద తెర వచ్చింది.
తాకితే వెలుగు, గీస్తే రంగు.
శాతాలన్నీ అప్పచ్చుల్లా ముక్కలై గిర్రున తిరిగేవి.
వారం రోజులు ఎవరూ రెప్ప వెయ్యలేదు.
రెండో వారానికి తెలిసింది,
వాళ్ళు చూసేది వెలుతుర్ని, లెక్కని కాదు.

గడులూ నిలబడలేదు.
శాంసన్ బొమ్మ చూసి తప్పు చేసి
బాజీ చెవిలో చెబితే ఒప్పు చేశాడు.
హైమావతికి నడిస్తే తప్ప ఎక్కం రాదు.
రాత్రికి రాత్రి గీత దాటి
పక్క గడిలో పడుకుని లేచొచ్చేవాళ్ళు.

ఫిబ్రవరిలో యార్డుకి కాయ దిగింది.
ఊరంతా తుమ్ము.
మస్తాన్‌బీ బెంచీ ఖాళీ:
ముచ్చిక తీస్తే కిలోకింత.
వాళ్ళమ్మ ఫోనుకి పాఠం గొంతుతో పంపాను,
రోజుకి నాలుగు నిమిషాలు.
నీలం టిక్కులు పడేవి. మాట రాలేదు.

పదకొండో రాత్రి వచ్చింది.
ఫ్యాను రొద, గోతాం ఈడ్చిన చప్పుడు, దగ్గు,
మధ్యలో ఆ పిల్ల గొంతు:
"టీచర్, పది కిలోల కాయకి ముచ్చిక తీస్తే
తొమ్మిదింబావే తూగుద్ది.
ముప్పావు తరుగు.
పదికి ముప్పావైతే నూటికి ఏడున్నర.
మీరు శాతం శాతం అంటారే, అది ఇదేనా?"

ఇదేనమ్మా.
ఏడు నెలలు నేను శాతం అన్నాను.
నూటికి మూడు వడ్డీ కట్టే ఇళ్ళ పిల్లల ముందు
నూటికి అన్న మాట ఒక్కసారీ అనలేదు.

సోమవారం వచ్చింది. ఆ గొంతుని
తెర స్పీకర్లలో మోగించాను.
దగ్గు దగ్గర బాజీ దొంగ తుమ్ము తుమ్మితే
క్లాసంతా తుమ్మింది.
శాంసన్ వెళ్ళి వేలితో గోతాం గీసి
మూలన చిన్న తరుగు కుప్ప పోశాడు.
మస్తాన్‌బీ మాత్రం తల ఎత్తలేదు.

ఇంటర్వెల్లో బల్ల దగ్గరికొచ్చి,
"అది తీసెయ్యండి టీచర్.
మా అమ్మ దగ్గు పడింది.
మళ్ళీ చెప్తా, దగ్గు లేకుండా."

ఫోను ముందు పెట్టాను.
"పది కిలోల కాయకి..." ఆగింది.
మళ్ళీ మొదలెట్టింది. మళ్ళీ అక్కడే.
ఒళ్ళో ఖాళీ చేతుల కేసి చూసుకుంది.

నాకేం తోచిందో,
మధ్యాహ్న భోజనం ఆయానడిగి
గుప్పెడు ఎండుమిరపకాయలు తెచ్చి
ఒళ్ళో పోశాను.

వేళ్ళు కదిలాయి.
ముచ్చిక ఊడినప్పుడల్లా ఒక మాట ఊడి పడింది,
తొమ్మిదింబావు, ముప్పావు, నూటికి ఏడున్నర,
ఎక్కడా తడబాటు లేదు.
చూస్తోందా, వింటోందా, చేస్తోందా?
మే నెల నోట్సులో వెతికితే దొరకదు.

పాతది ఆమె చూస్తుండగానే తీసేశాను.
ఫ్యాను పోయింది, గోతాం పోయింది, దగ్గు పోయింది.
లెక్క శుభ్రంగా మిగిలింది.
ఆ తరుగు నూటికెంతో నేను కట్టలేదు.

గంట కొట్టారు.
కాయలు ఆయాకి తిరిగిచ్చాం, ముచ్చికలు తీసి.
ఆవిడ సంబరపడి
రేపూ ఇవ్వమంటారా అంది.