కొలతల పుస్తకం

వెర్నా డెల్. నడుము ఇరవై మూడు.
పక్కన పెన్సిలుతో: కుడి భుజం కాస్త కిందికి.
పెన్సిల్వేనియా బొగ్గు గనుల ఊళ్ళో, పదేళ్ళప్పుడు
నీళ్ళ బకెట్లు మోసిన భుజమట.
అప్పటికామె వెరోనికా డుడెక్.
స్టూడియోవాళ్ళు పేరు కత్తిరించారు,
నేనా భుజం కింద దూది పెట్టి కుట్టాను.
ఇద్దరం చేసింది ఒకే పని, జీతాలు వేరు.

ఆరు రోజులకొక సినిమా.
సోమవారం గొరిల్లా ఎత్తుకుపోవాలి,
శనివారం పొద్దుగూకేలోపు పెళ్ళయిపోవాలి.
గొరిల్లా తోలులో ఉన్న ఆటో ఉబ్బసం మనిషి.
ఎత్తుకున్న ప్రతిసారీ ఆమె చెవిలో
"ఏమనుకోకు తల్లీ" అనేవాడు.
ఆమె కేక వేస్తూనే అతని వీపు నిమిరేది.
తెరమీద అది పెనుగులాటలాగే ఉంటుంది.

ఉన్నది ఒక్కటే మంచి గౌను. ఆకుపచ్చ శాటిన్.
నలుపు తెలుపుల్లో ఆకుపచ్చ ఎవరికి తెలుస్తుంది?
ఒకదాంట్లో అది వజ్రాల దొంగ పెళ్ళానిది,
చేతులు కోసేస్తే శుక్రగ్రహపు రాణిది,
అంచు చింపి బురద పూస్తే
ఓడ మునిగి ఒడ్డుకు కొట్టుకొచ్చినదానిది.
విప్పి కుట్టీ, కుట్టి విప్పీ
పాత కుట్ల చిల్లులు మిగిలిపోయేవి
చీమలు నడిచిపోయిన జాడలాగ.
కెమెరా అంత దగ్గరికి వచ్చేది కాదులే.
దగ్గరికి రావాలంటే లైట్లు కావాలి, లైట్లకి డబ్బు.

తోక బొమ్మలనేవాళ్ళం వాటిని.
పెద్ద సినిమా అయిపోయి జనం లేచాక
వాన తగ్గలేదనో, బస్సుకింకా టైముందనో,
చెయ్యి పట్టుకోడానికి వేరే చీకటి దొరకదనో
కూర్చుండిపోయినవాళ్ళకి వేసేవి.
"నా జనం నాకేసి చూడరు, అరాక్సీ,
నా వెలుగులో ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటారు"
అందోసారి.
నోటినిండా గుండుసూదులతో
నేను నవ్వలేక చచ్చాను.

నడుము ఇరవై అయిదు.
ఆ తర్వాతి పేజీలో కొలతల్లేవు, తేదీ ఒక్కటే ఉంది.
ఆ వారం గౌను ముందువైపు వదులు చెయ్యమంది.
పై వారం మళ్ళీ బిగించమంది.
నేనేమీ అడగలేదు. దారం కొరికాను.

పెద్ద స్టూడియో ఒకటి కబురు పెట్టింది, ఒకే ఒక్కసారి.
గౌనుకి ఆవిరి పట్టి, భుజం సరిచేసి పంపాను.
రాత్రి ఆఖరి బస్సుకి తిరిగొచ్చింది
చెప్పులు చేత్తో పట్టుకుని.
"బాగా చేశానన్నారు.
ఎక్కడో చూసినట్టుందన్నారు."
ఫ్రెస్నో నుంచి మా అమ్మ పంపిన ఎండుద్రాక్ష
గుప్పెడు తీసి పెడితే
ఒక్కొక్కటే తిన్నది, తెల్లారేదాకా.

యాభై అయిదులో స్టూడియోకి తాళం పడింది.
కొండలూ కోటలూ అట్టవే గనక
రెండు లారీల్లో సర్దేశారు.
ఆమె బర్‌బ్యాంక్‌లో పళ్ళ డాక్టరు దగ్గర
ఫోనెత్తే పనిలో చేరింది.
లోపలెవరైనా పన్ను పీకించుకుంటూ అరిస్తే
బయటికొచ్చాక మెల్లిగా అనేదట,
"ఊపిరి పొట్టలోంచి తియ్యాలండీ."

కేక సంగతి చెప్పనేలేదు కదూ!
దాన్ని రీలుకి చుట్టి ఎవరెవరికో అమ్ముకున్నారు.
తెరుచుకునేది ఎవరి నోరో, అరుపు మాత్రం ఆమెది.
అర్ధరాత్రి మా ఆయన టీవీ పెట్టుకుంటే
వంటింట్లోంచే పోల్చుకుంటాను.
చివర్న చిన్న జీర,
శాటిన్ పర్రున చిరిగినట్టు.
ఆ జీరకి ఆమెకొక్క సెంటూ రాలేదు.

మొన్న వచ్చింది. మేనకోడలి పెళ్ళికి గౌను కావాలట.
నడుము ముప్పై మూడు.
పేజీ మీద ఏ పేరు రాయనన్నాను.
"బిల్లు ఎవరికిస్తావో ఆ పేరే."
భుజానికి దూది పెట్టనా, ఇంక అక్కర్లేదేమో అంటే
"పెట్టు, పెట్టు. ఫొటోలు తీస్తారు కదా"
అంటూనే ఒళ్ళు కొంచెం పక్కకి తిప్పింది,
కిటికీ వెలుగు ఎడమ చెంప మీద పడేట్టు.
టేపు పట్టుకుని
నేనలాగే నిలబడ్డాను.