ఇర్వై నాలుగా, ఇర్వై అయిదా

కొత్త కెమెరా పెట్టె విప్పిన్నాడే అడిగింది,
సెకనుకు ఎన్ని బొమ్మలు కావాలె నీకు అని.
పాతదానికి ఈ అడుగుడు లేకుండె.
క్యాసెట్ పెడితె ఇర్వై అయిదు, అంతే.
మన కరెంటు లెక్క, మన టీవీ లెక్క,
ఎవలు పెట్టిన్రో ఎరుక లేదు, మాకు పనీ లేదు.

ముందుగాల ముప్పై పెట్టి చూసిన,
హన్మకొండల ఒక ఫంక్షన్ హాలు.
పెండ్లికొడుకు నెత్తి మీద ట్యూబులైట్లు
అంబటాళ్ల తారురోడ్డు లెక్క అదిరినయ్.
డిస్కు కొట్టంగ ప్రతి ఆరో బొమ్మా రాలిపోయింది.
అప్పగింతలప్పుడు పిల్ల మొఖం తిప్పుతాంటె
మధ్యల ఎవరో గిచ్చినట్టు.
వాళ్లు చూడలే.
నేను చూసిన.

లైటు పట్టే పోరడు ఇంతియాజ్ అన్నడు:
"అన్నా, సినిమోళ్లు ఇర్వై నాలుగే పెడ్తరు.
జర మసక, జర కల. దాని అందమే వేరు."
నాకూ ఆశ పుట్టింది.

ఆ ఆశతోని పోయిన కొత్తవాడ, ఓదెలు ఇంటికి.
మనుమరాలి పెండ్లి ఇంకో రెండ్రోజులుంది.
"మా నాయిన మగ్గం గూడ జరంత తియ్యన్నా"
అన్నది బిడ్డె స్వరూప.
గంట తీసిన.
జంపఖాన సగం అయ్యింది, ఎర్ర పట్టె మీద నీలి పట్టె.
పంజాతోని కొట్టుకుంట
ముసలాయన మాట్లాడుతనే ఉన్నడు:
మిల్లు కూతకు పొద్దు తెలిసిన దినాలు,
రంగు పోతదని తిప్పి పంపిన సేటు,
చిటికెనవేలు మీద నూలు కోసిన గాటు.
మంచిగ వచ్చింది. మసక, కల, అన్నీ.
గులాబి పూలు అచ్చేసి మూడు డిస్కులిచ్చిన.

దసర ఎల్లినంక వచ్చింది స్వరూప.
ఓదెలు పోయి నలభై దినాలు.
డిస్కు బల్ల మీద పెట్టి
"ఇండ్ల మా నాయిన గొంతు లేదన్నా" అన్నది.
"ఎవరో సన్నగ మాట్లాడుతాన్రు.
చెయ్యి గూడ ఉరుకుతాంది.
ఆయన ఎన్నడు ఉరకలే."

రాత్రి షట్టరు సగం దించి లెక్కేసిన.
డిస్కు ఇర్వై అయిదుకే తిరుగుతది.
నేను తీసినయి ఇర్వై నాలుగు.
తక్కువైన ఒక్క బొమ్మ కోసం
కంప్యూటరు మనిషినే తొందరవెట్టింది.
గంట ముచ్చట
యాభై ఏడు నిమిషాల ముప్పై ఆరు సెకన్లకు ఒడిసింది.
మిగిలిన రెండు నిమిషాల ఇర్వై నాలుగు సెకన్లు
ఏ సంచిల ఏసుకున్ననో నేను.

తెల్లారి చెప్పిన, రెండు తొవ్వలున్నయని.
"ఇట్లనే ఉంచితె నున్నగ నడుస్తది, గొంతు సన్నం.
లేకుంటె సెకనుకొక బొమ్మను రెండుసార్లు పెడ్త,
గొంతు ఆయనదే వస్తది.
చెయ్యి మాత్రం సెకనుకోసారి తడబడతది."

ప్లాస్టిక్ స్టూలు మీద కూసోని చూసింది.
పంజా లేస్తాంది, ఆగుతాంది, పడతాంది.
గొంతు బరువుగ, బీడీ గరగరతోని.
ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకోలే, ఏడ్వలే,
పట్టెలు లెక్కవెడుతున్నట్టు పెదవులు కదిలినయ్.
"గిదుండనీ అన్నా.
పంజా ఎత్తినప్పుడల్లా ఆయన జరసేపు ఆగేటోడు,
పేక చూసుకునేటోడు."

ఆగేటోడా?
ఆమె పోయినంక అసలు ఫైలు తెరిచి
ఒక్కో బొమ్మ జరుపుకుంట చూసిన.
ఎక్కడా ఆగలే.
చెప్పలే ఆమెకు.

ఇప్పుడు ఇర్వై అయిదే పెడ్తాన, షట్టరు యాభై.
ఇంతియాజ్ మొఖం మాడ్చుకుంటడు,
పాతచూపు అన్నా నీది,
డిస్కులు ఎవలు చూస్తాన్రు ఇంకా, అంటడు.
నేనేమనను.
బ్యాటరీ మారుస్త.