ఎర్ర క్లిప్పు ముందు

యాకుత్స్క్‌లో ఈ రాత్రి మైనస్ నలభై ఆరు.
కారు కిందే పడుకుంది.
బ్యాటరీ మాత్రం పాత శాలువా చుట్టుకుని
న్యుర్గుయానా చంకలో
నాలుగంతస్తులు ఎక్కింది.
పద్దెనిమిది కిలోలు. మలుపు మలుపుకీ ఆగి, ఊపిరి.

వంటింట్లో పీట వేసింది దానికి.
ఎర్ర క్లిప్పు ముందు, నల్లది తర్వాత,
ప్లగ్గు చివర్న.
చార్జరు పిల్లిలా గుర్రుమంది.

గాలాడాలని కిటికీ వేలెడంత తెరిస్తే
అత్త మాత్రియోనా దుప్పట్లోంచి సణిగింది:
"నా మోకాళ్లకి లేని మర్యాద దానికా?"
కోడలు బదులివ్వలేదు.
తన బొచ్చుకోటు తెచ్చి
ఆ కాళ్ల మీద పరిచింది.

పొద్దున ఆరింటికి, అంటే ఇంకా చీకట్లోనే,
పచ్చదీపం.
"లేమ్మా, నీ చుట్టం కడుపు నిండింది"
అంటోంది ముసలామె,
కిటికీ తనే మూస్తూ.