ఐదో మేకు

సౌనా గోడకు బయటివైపు ఐదు మేకులు కొట్టింది ఇర్యా.
ఒక్కో మేకుకీ ఒక్కో బేరింగు.
బొటనవేలంత ఇనుప కన్ను,
కన్నులో అన్ని దిక్కులకూ తిరిగే నున్నటి గుడ్డు.

మొదటిదానికి ట్రాక్టరు గ్రీజు,
పక్కింటి తావునో పట్టుబట్టి పూయించింది.
రెండోదానికి కుట్టుమిషను నూనె.
మూడోదానికి బుస్సుమనే డబ్బా స్ప్రే.
నాలుగోదానికి హెల్సింకీ మీదుగా పదకొండు రోజులు నడిచొచ్చిన
తెల్ల గ్రీజు, వెండితో తూచినంత ఖరీదు.
ఐదోదాన్ని ఊరికే తగిలించింది,
మేకు మిగిలిపోయింది కదా అని.

కూహ్మోలో జనవరి.
మంచు బిగిసేకొద్దీ సరస్సు లోలోపల మూలుగుతోంది.
గ్యారేజీలో రెక్కలింకా మొలవని విమానం,
దాని పొట్టలో ఇర్యా చలికాలపు కోటు, ఒక టీ ఫ్లాస్కు.

ముప్పై నాలుగేళ్లు బస్సుల కింద వెల్లకిలా పడుకున్న మనిషి.
బస్సు కష్టం చెవికే తెలిసిపోతుంది:
కీచుమంటుంది, గొణుగుతుంది, చివరికి మొరాయిస్తుంది.
జనం దిగి, తిట్టుకుని, నడిచిపోతారు.
ఇక్కడ అలా కాదు.
చేతిలోని స్టిక్కు నుంచి రెక్క అంచు దాకా పదకొండు కీళ్లు.
ఏ ఒక్కటి బిగుసుకున్నా
దిగి నిలబడేందుకు రోడ్డుండదు.

"నూనె ఎక్కువైతే పోయేదేముంది?" అంటాడు తావునో.
ఒంటికి నూనె రాసుకుని ఇసుకలో పొర్లినా
అంటేదే అంటుతుందని మాట.
బేరింగు దగ్గర ఆ మాట చెల్లదు.
అన్నీ అంటుతాయి.
కంకర రన్‌వే దుమ్ము, జూన్‌లో పైన్ చెట్ల పుప్పొడి,
దోమ కాలు.
గ్రీజులో నాని నాని అదంతా సానరాయి ముద్దవుతుంది,
రోజుకింత, కన్ను అంచుని కొరుక్కు తింటుంది.

"పోనీ, పెన్సిలు పొడి?"
అల్యూమినియానికీ దానికీ ఆగర్భ శత్రుత్వం తావునో,
కాస్త తడి తగిలితే చాలు, లోహానికి బొల్లి.

తెల్లారింది అనాలంతే, వెలుగు లేదు.
మైనస్ ముప్పై ఒకటి.
చేతి తొడుగు తీసేసింది,
తొడుక్కున్న వేలు అబద్ధం చెబుతుందని.

మొదటిది కదల్లేదు.
తావునో టోపీ సర్దుకున్నాడు.
రెండోది కదిలింది, బడికి బయల్దేరిన పిల్లాడిలా.
మూడోది జిగురు కట్టి, వేలి చర్మం కాస్త ఉంచుకుంది.
నాలుగోది పెళ్లిపెద్దలా నింపాదిగా తిరిగింది.
ఐదోది
తాకీ తాకకముందే జారిపోయింది.

ఇర్యా నవ్వలేదు.
దీపం కిందకి తెచ్చి భూతద్దం పెట్టింది.
గుడ్డుకీ గూడుకీ మధ్య
పట్టుదారం మందాన బూడిదరంగు నేత, టెఫ్లాన్ అస్తరు.
చెత్తబుట్టలో వెదికితే దాని సంచీ దొరికింది,
మీద చీమకాళ్లంత అక్షరాలు:
నూనె పెట్టరాదు.
మిగతా నాలుగూ పాత డబ్బాలోవి, ఉక్కు మీద ఉక్కు,
వాటికి చుక్క లేనిదే దినం గడవదు.

అప్పుడు కూర్చుంది స్టూలు మీద.
అక్టోబరులో, మంచి హుషారులో,
పదకొండింటికీ తానే పోసింది నూనె,
పసిబిడ్డకి తలంటినట్టు.

భూతద్దంతో ఒక్కొక్కటే చూసుకుంటూ పోయారు.
నాలుగు ఉక్కువి. ఏడు అస్తరువి.
ఏడింటినీ విప్పి పారేయాలి. కొత్తవి తెప్పించాలి.
తావునో ఏమీ అనలేదు, టార్చి పట్టుకున్నాడు
చేయి మార్చకుండా, భోజనం వేళ దాటేదాకా.

మార్చి నెలలో లాగ్‌పుస్తకం తెరిచి రాసింది:
నాలుగింటికి తెల్ల గ్రీజు, కందిగింజంత.
ఏడింటికి అని రాసి, పెన్ను ఆపింది చాలాసేపు.
నూనెలోనే జీవితమంతా గడిపిన చేతికి
ఆ రెండు మాటలు కుదురుగా రాలేదు:
ఏమీ పెట్టలేదు.

తర్వాత సీట్లో కూర్చుని స్టిక్కుని పక్కకి వంచింది.
రెక్క ఇంకా లేని చోట
ఒక కడ్డీ గాలిలోకి లేచి, దిగింది.
"ఎప్పుడు కదుపుతావ్?" అని అరిచాడు తావునో
వెనకనుంచి, తోక పక్కన,
చెవి రిక్కించుకుని.