ఏమీ జరగని పద్దు

ఆకివీడు దాటి ఉప్పుటేరు గట్టెక్కితే
ఎడం చేతి వైపు మూడో చెరువు మాది.
మాది అంటే రామభద్రిరాజు గారిది.
నాది అందులో ఖాతా పుస్తకం మాత్రమే.

తెల్లారగట్ల నాలుగున్నరకి
పల్లాలమ్మ రోలు ముందు కూర్చుంటుంది.
వెల్లుల్లి. పొట్టుతోనే దంచుతుంది.
కళ్ళు మండవా అంటే
"పెళ్ళిళ్ళకి దంచినప్పుడు అడిగారేటండీ ఎవరన్నా?" అంటుంది.

రాత్రి బెల్లం నీళ్ళలో నానేసిన ఈస్టు
నీలం డ్రమ్ములో గొణుక్కుంటూ పొంగి ఉంటుంది.
మూత తీస్తే
కల్లుపాక పక్కనుంచి నడిచినట్టు వాసన.
పసుపు రెండు దోసిళ్ళు.
తవుడూ చెక్కపొడీ ఎన్ని బస్తాలో నేను చూసుకుంటాను,
తడి ఎంతో తను చూసుకుంటుంది:
ముద్ద కాకూడదు, పొడిగానూ ఉండకూడదు,
పిడికిట పట్టి వదిలితే వేళ్ళ గుర్తులు నిలవాలి.

ఏసోబు ఆ సంచుల్ని పడవకెత్తి
గెడకొకటి కట్టుకుంటూ పోతాడు.
సంచి అడుగున చిల్లులు, చిల్లుకో మూతి.
నీళ్ళ కింద శీలావతులు చప్పరించే చప్పుడు
పడవ చెక్కలోంచి అరికాలికి తెలుస్తుందంటాడు.
నాకెప్పుడూ తెలియలేదు.
నేను చెప్పులేసుకుంటాను.

చలి మొదలయ్యాక పక్క చెరువులో ఒకటి తేలింది.
పొట్ట మీద ఎర్రగా,
అట్లకాడ తగిలిన వాతలా.
మర్నాడు నలభై.
ఆ మర్నాడు లెక్కపెట్టలేదు, ట్రక్కుల్లో తోలారు.
కొంగలు కూడా తినడం మానేసి
గట్టున ఒంటికాలి మీద నిలబడి చూశాయి.

మందుల షాపాయన బండి మా గట్టుకీ వచ్చింది.
తెల్ల డబ్బా.
"ఐదు రోజులు మేతలో కలపండి రాజుగారూ,
రోగానికి మీ చెరువు అడ్రసు దొరికితే నన్నడగండి."
రాజుగారు డబ్బాని తిప్పి తిప్పి చూశారు.
"చేప తినగా మిగిలింది ఎక్కడికి పోద్ది?"
"నీళ్ళలోకండి."
"నీళ్ళు?"
ఇద్దరూ ఉప్పుటేరు వైపు చూశారు.
డబ్బా వెనక్కి వెళ్ళిపోయింది.
అది నీళ్ళ మీద దయో,
షాపులో అప్పటికే ఉన్న బాకీయో
నేను రాసుకోలేదు.
ఆ రాత్రి కరెంటు ఎన్నిసార్లు పోయిందో
పొద్దున్నే ఆయన నిమిషాలతో సహా చెప్పారు.

ఇరవై రోజులు.
రోలు ఆగలేదు. మా చెరువులో ఏదీ తేలలేదు.

ల్యాబు నుంచి ఫణీంద్ర వచ్చి వల వేయించాడు,
కిలోంపావు శీలావతిని గట్టు మీదే కోశాడు.
కాలేయం వేలితో తాకి, బావుందన్నాడు.
"వెల్లుల్లి వల్లేనా?"
"చెప్పలేనండి. ఒంట్లో బలం పెరిగి ఉండొచ్చు.
వాళ్ళ వలలు మీరు వాడలేదు, అదీ అయ్యుండొచ్చు.
అసలు మీ దాకా రాలేదేమో కూడా."
కుర్రాడు అబద్ధం చెప్పడం నేర్చుకోలేదింకా.

బావుందని తేల్చడానికి చచ్చిన చేపని
పల్లాలమ్మ సంచిలో వేసుకుపోయింది.
పులుసులోకి వేరే వెల్లుల్లి వేయలేదట,
లోపల ఉందిగా అని.

ఇప్పుడు పుస్తకం ముందేసుకున్నాను.
ఖర్చు: వెల్లుల్లి ముప్పై ఆరు కిలోలు,
బెల్లం నాలుగు దిమ్మలు, ఈస్టు, పసుపు,
పల్లాలమ్మ కూలి, విరిగిన రోకలి ఒకటి.
జమ:
చావని చేపకి ఇక్కడ గడి లేదు.
రాని మచ్చకి ఎవడూ రసీదివ్వడు.
పక్క చెరువు నష్టం ఐదంకెలు దాటి
అందరి నోళ్ళలోనూ ఉంది,
మాది మాత్రం ఎవరికీ చెప్పుకునేంత సంగతి కాదు.
ముప్పై ఏళ్ళుగా జరిగినవే రాస్తున్నాను.
జరగకుండా పోయినవన్నీ
ఏ పుస్తకంలోకి పోయాయో!

నాలుగున్నర. రోలు చప్పుడు.
జమ కింద తేదీ ఒక్కటే వేసి
చెప్పులు గట్టు మీద విడిచి వెళ్ళాను.
ఏసోబు ఏమీ అడక్కుండా జరిగి చోటిచ్చాడు.

చెక్క చల్లగా ఉంది.
ఇంకా ఏమీ తెలియడం లేదు.