ఇంకా నలుగురు ఆడపిల్లలు

గంటస్తంభం వెనక సందులో మా బైండింగు కొట్టు.
మైలుతుత్తం కలిపిన మైదా జిగురు
పొయ్యి మీద బుడగలు తీస్తుంటే
ఈ పుస్తకం వచ్చింది,
అట్ట ఊడి, వెన్ను విరిగి,
పాత బంగళా ఒకటి అమ్ముడైనప్పుడు
తూకానికి పోయిన కట్టలోంచి.

లోపల ఒక దొర.
మనల్నేలిన దొర కాదు,
వాళ్లకి మన దారే తెలియని రోజుల దొర,
ట్యూడరు రాజుల నాటివాడు.
ఆంబ్రోస్ పెల్కోట్ అని పేరు.
ఆ పేరు మీదే పురుగు పని మొదలెట్టింది.

నాకొచ్చిన ఇంగ్లీషు ఎస్సెల్సీ దాకా.
పాత కుట్టు విప్పుతూ, కూడబలుక్కుంటూ చదివాను.
గొర్రెబొచ్చు అమ్మి తాత గడించాడట,
ఆ డబ్బుతో తండ్రి భూమి కొన్నాడట,
ఆ భూమితో ఇతను పెద్దమనిషయ్యాడట.
మూడు తరాలు పట్టింది గొర్రె వాసన పోవడానికి.
పార్లమెంటులో ఐదు దఫాలు కూర్చున్నాడు.
నోరు విప్పిన దాఖలా ఒక్కటే,
అదీ ఏదో వంతెన మరమ్మతు గురించి.

ఏలికలు నలుగురు మారారు అతని కళ్లముందు.
తండ్రి పోయి కుర్రాడు, కుర్రాడు పోయి అక్క,
అక్క పోయి ఆ అక్క చెల్లెలు.
గద్దె మారినప్పుడల్లా దేవుడి భాష మారింది.
విగ్రహాలు దిగాయి, ఎక్కాయి, మళ్లీ దిగాయి.
పక్కన కూర్చుని భోంచేసినవాళ్ల తలలు
బల్లేల మీదకెక్కాయి.
ఇతని తల మాత్రం మెడ మీదే నెరిసింది.

మా మేనమామ లెంక సన్యాసప్పడు గుర్తొచ్చాడు.
నెల్లిమర్ల అవతల, చంపావతి ఒడ్డున
పదిహేడేళ్లు ప్రెసిడెంటుగిరీ, నాలుగు కండువాలు.
పాతవి పారేసేవాడు కాదు,
మడిచి ట్రంకుపెట్టెలో పెట్టేవాడు,
"ఉండనీ బాబూ, గాలి ఎటేస్తాదో ఎవులికెరుక" అని.

పెల్కోట్ పెళ్లాం మార్జరీ
జపమాలని పిండికుండలో దాచిందట.
సోదాకొచ్చినవాళ్లు చెయ్యి పెట్టలేదట,
నల్లకోటు తెల్లబడుతుందని.
మా అత్త పారమ్మ చోళ్ల గాదెలో దాచింది
తీర్మానాల పుస్తకాన్ని,
ఆడిటు జీపు వచ్చిన రోజు.
దాని గురించి ఎవరూ ఎక్కడా రాయలేదు.
నేనిప్పుడు చెబుతున్నాను, అంతే.

తరవాత వీలునామా.
పెద్దకొడుక్కి ఇల్లు, మిల్లు, వెండి ఉప్పుగిన్నె.
రెండోవాడికి గుర్రం, అది కుంటిదని ఒప్పుకుంటూనే.
మూడోవాడికి అప్పులిచ్చిన కాగితాలు.
భార్యకి ఈకల పరుపు, మళ్లీ పెళ్లాడనంత కాలం.
పక్క పేజీలో వంశవృక్షం.
కొడుకులు పుట్టిన తేదీలు, చదివిన చోట్లు,
అడుగున ఒక ముక్క:
"ఇంకా నలుగురు ఆడపిల్లలు."

ఎదురుగా దారానికి మైనం రాస్తోంది నా భార్య,
సన్యాసప్పడి నాలుగో కూతురు.
"ఆళ్ల పేర్లేటి?" అంది.
"లేవు."
"పురుగు తినేసినాదేటి?"
"పురుగు ఆ వరస ముట్టుకోలేదు.
అక్కడ కాయితం కొత్తదానిలా ఉంది."

కాసేపు ఏమీ అనలేదు.
పంచాయతీ ఆఫీసు గోడకున్న నాపరాయి మెదిలిందేమో,
మామ పేరు, మామ తండ్రి పేరు,
కొబ్బరికాయ కొట్టిపోయిన మంత్రి పేరు.
ఆ రాయి చెక్కిన మేస్త్రీకి
మూడు పూటలు అన్నం మోసిన పిల్ల ఇది.

సూది దించింది.
ఆ మడత దగ్గరికొచ్చేసరికి
దారం రెండు పేటలు చేసింది, నన్నడక్కుండానే.
"ఇక్కడ ఊడదులే" అంది.

పురుగు దారిని నేను పూడ్చలేదు.
గుండుసూది మందాన సొరంగం,
అతని పేరులోంచి, వంతెనలోంచి,
ఈకల పరుపులోంచి.
వెలుతురుకి పట్టుకుంటే
అవతల మా సందు కనబడుతోంది,
పెరుగుకుండ నెత్తిన పెట్టుకుని ఎవరో అమ్మాయి,
అంతలోనే దాటిపోయింది.

గురువారం వచ్చి పట్టుకెళతామన్నారు.
బిల్లు రాశాను:
అట్ట, కుట్టు, జిగురు, రెండొందల ఎనభై.
రెండో పేట దారం లెక్కలో వెయ్యలేదు.